ఐదో తరగతి ఇచ్చారు, జూన్ వస్తోంది: కొత్త టీచర్లు నన్ను అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష మెగా డీఎస్సీ 2025లో ఎంపికైన వాళ్ళు బళ్ళో అడుగుపెట్టేసరికే విద్యా సంవత్సరం సగానికి వచ్చింది. ఎవరో అప్పటికే దారిలో పెట్టిన క్లాసు చేతికొచ్చింది. జూన్ అలా కాదు. ఖాళీ గది, కొత్త రిజిస్టరు, నెలన్నర పాటు పుస్తకం ముట్టని పిల్లలు. నేను విజయవాడలో ఎస్జీటీని, అంటే ప్రైమరీ తరగతుల టీచర్ని. ఇరవై ఏళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు ఐదో తరగతే చెప్పాను. ఏప్రిల్ చివర్లో నా ఫోనుకి వచ్చే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకటే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నా జవాబులన్నీ ఒకే భయం చుట్టూ తిరుగుతాయని ముందే ఒప్పుకుంటాను. చదవడం రాకుండా ఐదు దాటిన పిల్లని హైస్కూల్లో మళ్ళీ కూర్చోబెట్టి గుణింతాలు చెప్పేవాళ్ళు ఉండరు. అక్కడ సబ్జెక్టు టీచర్లు ఉంటారు, వాళ్ళ సిలబస్ వాళ్ళకుంటుంది.

బడి తెరిచే రోజు వెళ్తే సరిపోతుందా, ముందే వెళ్ళాలా?

మన రాష్ట్రంలో మామూలుగా జూన్ 12న తెరుస్తారు. 2024లో ఒక్కరోజు జరిగి 13 అయింది. తేదీ ఏదైనా, దానికి రెండు మూడు రోజుల ముందు ఒక పూట వెళ్ళి మీ గది తాళం తీయించండి. వేసవంతా మూసి ఉన్న గదిలో ఏం ఉంటుందో చెప్పలేం. ఒక ఏడు మా బీరువా వెనక పిల్లి ఈని ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయో లేదో, ఆడపిల్లల బాత్రూమ్ గడియ పడుతుందో లేదో స్వయంగా చూడండి. గడియ సంగతి ఎవరూ చూడరు. గడియ పడని బాత్రూమ్‌కి వెళ్ళడం ఇష్టంలేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చునే పిల్లలుంటారు. వాళ్ళకి మధ్యాహ్నం తలనొప్పి వస్తుంది, మనం ఎండదెబ్బ అనుకుంటాం.

గోడల మీద చార్టులు అంటించే పని మాత్రం పెట్టుకోకండి. ఖాళీగా వదలండి. ఎందుకో మూడో ప్రశ్నలో చెబుతాను.

మొదటి రోజు ఎంతమంది వస్తారు?

రోల్లో 34 మంది ఉంటే పద్దెనిమిది మంది వస్తే గొప్ప. మీ తప్పేం లేదు. కొంతమంది ఇంకా అమ్మమ్మగారి ఊళ్ళో ఉంటారు. రోహిణి కార్తె వెళ్ళినా ఎండ వెళ్ళలేదని కొందరు ఆపుతారు. మంగళవారం పంపకూడదనేవాళ్ళు, మంచిరోజు చూసి పంపుతామనేవాళ్ళు ఇంకొందరు. రెండో సోమవారానికి క్లాసు నిండుతుంది.

ఇంకో సంగతి ఉంది. మన గురుకులాల్లో చాలావాటికి చేరే తరగతి ఐదే. నాలుగో తరగతిలో బాగా చదివిన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి ఉంటారు, సీటొస్తే జూన్‌లో వెళ్ళిపోతారు. కాబట్టి నాలుగో తరగతి టీచరు "ఫలానా పాప ఉంది, క్లాసుని నిలబెడుతుంది" అని చెప్పిందని మురిసిపోకండి. ఆ పాప పెట్టె సర్దుకుంటూ ఉండొచ్చు. ఆ ఖాళీల్లోకి ఫీజు కట్టలేక ప్రైవేటు బడి మానినవాళ్ళు, వేరే ఊరి నుంచి పనికొచ్చిన వాళ్ళ పిల్లలు వస్తారు. జూలై మొదటివారం దాకా మీ క్లాసు ఎవరో మీకు తెలియదు.

మొదటి రోజు ఏం చెప్పాలి?

పుస్తకం తెరవకండి. అలాగని "సెలవుల్లో ఏం చేశావు" అని వ్యాసం రాయించకండి. సెలవుల్లో అమ్మతోపాటు పాచిపనికి వెళ్ళిన పిల్ల ఏం రాస్తుంది?

నేను చేసేది ఇది. ఇంటి నుంచి బడికి దారి గీయమంటాను. విజయవాడలో సగంమంది పిల్లలది కొండ. విద్యాధరపురంలో కొండ, మొగల్రాజపురంలో కొండ, గుణదలలో కొండ, వన్‌టౌన్ వెనక కొండ. పిల్లలు మెట్లు దిగి బడికొస్తారు. దారి గీసేటప్పుడు మెట్లు లెక్కపెట్టి రాయమంటాను. ఒకసారి ఒకే వరుసలో ఉండే ముగ్గురు మూడు లెక్కలు చెప్పారు: 140, 152, 'చాలా'. మర్నాడు పొద్దున ముగ్గురూ కలిసి లెక్కపెట్టుకుంటూ దిగారు. మళ్ళీ మూడు లెక్కలే వచ్చాయి, ఎందుకంటే ఒకడు విరిగిన మెట్టుని లెక్కలో కలపలేదు, ఒకతె కుళాయి దగ్గరున్న అరుగుని కూడా మెట్టే అంది. ఆ రోజంతా 'మెట్టు అంటే ఏమిటి' అని గొడవ. పరిసరాల విజ్ఞానం, లెక్కలు, తెలుగు, మూడూ ఆ గొడవలోనే అయిపోయాయి. మీది గుంటూరయితే కొండలు లేవుగానీ బ్రాడీపేట లైన్లు, అడ్డరోడ్లు ఉన్నాయి. ఎన్నో లైనులో ఎన్నో అడ్డరోడ్డు అన్నది పదేళ్ళ పిల్లకి గ్రాఫు కాయితం లాంటిది.

ఆ బొమ్మలే గోడకి అంటించండి. గోడ ఖాళీగా ఉంచమన్నది అందుకే. పైగా ఎవరిల్లు ఎక్కడో, ఎవరు మెయిన్ రోడ్డు దాటి రావాలో, ఎవరు ఆటోలో వస్తారో మీకు మొదటి రోజే తెలిసిపోతుంది.

పాఠం ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రతి పిల్లా చదవగా మీరు విన్నాక. ఒక్కొక్కరిని. విడిగా.

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను ఘోరంగా తప్పుచేసింది ఇక్కడే. నా రెండో ఏడాది క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. చేతిరాత ముత్యాలకోవ. నోట్సులో ఒక్క కొట్టివేత ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్ళకి వాడి పుస్తకమే చూపించేదాన్ని. నవంబర్లో ఒకరోజు గొంతు పోయి, వాణ్ణి పిలిచి వాడు రాసిన జవాబే పైకి చదవమన్నాను. చదవలేదు. భయమేమో అనుకున్నాను. భయం కాదు. వాడికి అక్షరాలు బొమ్మలు. బోర్డు మీది బొమ్మని పుస్తకంలోకి దించడం నేర్చుకున్నాడు, అంతే. నాలుగేళ్ళు అందరం వాడి చూచిరాత చూసి 'గుడ్' అని సంతకం పెట్టాం. అందులో నా సంతకాలూ ఉన్నాయి.

అందుకని నోట్సు చూసి ఎవరికి చదువొచ్చో నిర్ణయించకండి. క్లాసంతా కలిసి పైకి చదివేటప్పుడు అసలే నిర్ణయించకండి. పక్కవాడి గొంతులో గొంతు కలిపేయడం ఐదో తరగతికొచ్చేసరికి పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య. చదవడం రానివాళ్ళ కళ్ళు పుస్తకం మీద కాకుండా మీ పెదాల మీద ఉంటాయి. మొదటి పదం గట్టిగా, చివరి పదం గట్టిగా, మధ్యలో గొణుగుడు. ఇంకొందరు పాత పుస్తకంలో పాఠం కంఠతా చెబుతారు. అందుకే వాళ్ళెప్పుడూ చూడని వాక్యాలు ఇవ్వాలి.

కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇళ్ళకెళ్ళి చూసే 'అసర్' సర్వేలో వాడే పద్ధతి చాలు. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. ముందు పేరా ఇవ్వండి. చదివితే కథ ఇవ్వండి, తడబడితే పదాలకి, అక్కడా ఆగితే అక్షరాలకి దిగండి. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. రోజుకి ఏడెనిమిది మంది, వారంలో అయిపోతుంది. వరండాలో కుర్చీ వేసుకుని, మిగతావాళ్ళకి వినపడకుండా చేయండి. మిగతావాళ్ళు లోపల ఆ దారి బొమ్మకి రంగులు వేసుకుంటారు.

ఫలితం నోటుబుక్కులో రాసుకోండి, పిల్లకి చెప్పకండి. "రెండో తరగతిది కూడా రాదా?" అన్న మాట మీ నోట్లోంచి వచ్చిందా, ఆ పిల్ల మార్చి దాకా మీ ముందు నోరు విప్పదు.

పదిమందికి చదవడం రాదని తేలింది. ఇప్పుడు?

పదిమందే అయితే మీరు అదృష్టవంతులు.

మొదటి పీరియడు తీసుకోండి. మధ్యాహ్నం పెట్టుకుంటే భోజనం చేసి జోగుతుంటారు. ఆ నలభై నిమిషాలు క్లాసుని రాగలిగినదాన్నిబట్టి విడగొట్టండి. అక్షరాల దగ్గరున్నవాళ్ళు ఒకచోట, పదాల దగ్గరున్నవాళ్ళు ఒకచోట, కథ చదివేవాళ్ళు ఒకచోట. కథ చదివేవాళ్ళకి కథల పుస్తకాలిచ్చి వదిలేయండి, మీరు మొదటి గుంపుతో నేల మీద కూర్చోండి.

తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు కొన్నే. 'కి–కీ', 'కె–కే', 'కొ–కో' తేడా దగ్గర కొందరు. ఒత్తుల దగ్గర ఎక్కువమంది. అందులోనూ ద్విత్వం దాటేస్తారు, 'అక్క', 'అమ్మ', 'బువ్వ' నోటికొచ్చిన మాటలే కదా. 'పుస్తకం', 'ఆస్పత్రి', 'రాష్ట్రం' అని వేర్వేరు ఒత్తులు కలిపి ఇస్తే ఎవరు ఎక్కడ ఆగుతున్నారో తెలిసిపోతుంది. 'త'కి ఒత్తిస్తే ఆకారమే మారిపోతుంది, 'ర'కి ఒత్తిస్తే చుట్టూ తిరిగి కిందికొస్తుంది. చదవలేకపోవడం బుద్ధి తక్కువై కాదు, ఆ ఆకారాలు ఎవరూ విడిగా చూపించలేదు. ఒత్తులన్నీ ఒక అట్ట మీద వాళ్ళచేతే రాయించండి. బజారుకెళ్ళినప్పుడు ఒత్తులున్న బోర్డులు పదేసి రాసుకురమ్మనండి. వన్‌టౌన్ వీధుల్లో తెలుగు బోర్డులకి కరువు లేదు. బోర్డుల మీద తప్పులకీ కరువు లేదు, అవి పట్టుకోవడం వాళ్ళకి పండగ.

ఎప్పటికి చదువుతారు? నేను చూసినంతలో, గుణింతాల దాకా వచ్చి ఆగినవాళ్ళు రోజూ చెబితే దసరా సెలవులకి పేరా చదువుతారు. అక్షరాలే రానివాళ్ళకి సంక్రాంతి పడుతుంది. ఒకరిద్దరికి సంక్రాంతి కూడా చాలదు. వాళ్ళలో చూపు సరిగా లేనివాళ్ళు ఉండొచ్చు, వినికిడి లోపం ఉండొచ్చు. బోర్డుకి దగ్గరగా జరిపి చూడండి, వెనకనుంచి పేరు పెట్టి పిలిచి చూడండి. తేడా కనిపిస్తే ఇంటికి కబురు చేసి డాక్టరుకి చూపించమనండి.

అంత సమయం చదవడానికే పెడితే సిలబస్ ఎలా అవుతుంది?

చదవడం రాని పిల్లకి సిలబస్ అయితే ఏమిటి, కాకపోతే ఏమిటి. అయినా అవుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. జూన్‌లో మీరు వాడేది అందులో ఏ మూలకి? తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే మీ నోటుబుక్కు చూపించండి. పిల్లవారీగా ఎవరు ఎక్కడున్నారో రాసి ఉన్న నోటుబుక్కు చూశాక నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

లెక్కల్లో ఏం చూడాలి?

మూడు లెక్కలు ఇవ్వండి చాలు. 1000లోంచి 357 తీసివేత. 48ని 6తో గుణకారం. 745ని 4తో భాగహారం.

మొదటిదాంట్లోనే సగం క్లాసు పడిపోతుంది. అప్పు తెచ్చుకోవడం వాళ్ళకి వచ్చు. పక్కింట్లో సున్నా ఉంటే, దాని పక్కింట్లోనూ సున్నా ఉంటే ఎవరిని అడగాలో రాదు. పదిరూపాయల నోట్లు, వందనోట్లు అట్టముక్కల మీద రాసిచ్చి వెయ్యి మార్పించండి. బజారు పనులు చేసే పిల్లలు అట్టముక్కలతో క్షణంలో చేస్తారు, పలక మీద చేయలేరు. ఈ రెంటికీ మధ్య వంతెన వేయడమే మన ఉద్యోగం. ఎక్కాలు రోజూ పొద్దున ప్రార్థన తర్వాత ఒకటి, పాతకాలం పద్ధతే, సిగ్గుపడక్కర్లేదు. భాగహారం కుదురుకోనివాళ్ళకి క.సా.గు., గ.సా.భా. చెప్పడమంటే పునాది తవ్వకుండా స్లాబు పోయడం.

పెద్ద సంఖ్యలకి మాత్రం మన ఊరే పుస్తకం. 2024 సెప్టెంబర్ వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. దాన్ని అంకెల్లో రాయమనండి. 1143 అని రాసేవాళ్ళు, కామాలు లేకుండా రాసేవాళ్ళు, లక్ష దగ్గర ఎన్ని సున్నాలో వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళు, అందరూ బయటపడతారు. 11,43,000 అని సరిగ్గా రాసిన పిల్ల "మేడం, మా ఇంట్లోకొచ్చింది కృష్ణ నీళ్ళు కాదు, బుడమేరు నీళ్ళు" అని నన్ను సరిదిద్దింది కూడా. బుడమేరు వాగు ముంచిన సింగ్‌నగర్ పిల్ల, తెలియకేం.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పొచ్చా?

చెప్పండి. మన పుస్తకాలు 2020–21 నుంచి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురుపేజీలో తెలుగుగా వస్తున్నది ఎందుకు మరి? విషయం తెలుగులో అర్థం కానివ్వండి, తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషు పేజీలో వెతికించండి. 'ఆవిరి' అన్నమాట ఎదురుగా ఏ మాట ఉందో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. ఇంగ్లీషు పేజీ కంఠస్థం చేయించడం మాత్రం వద్దు. అది చూచిరాతకి తమ్ముడు.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మొదటివారం వాళ్ళిష్టం. ఎవరు ఎవరి పక్కన చేరారో, ఎవరి పక్కన ఎవరూ చేరలేదో చూసుకోండి. రెండోవారం నుంచి మీరే మార్చండి, నెలకోసారి తిప్పండి. వెనక గోడ దగ్గర శాశ్వత సభ్యత్వం ఎవరికీ ఇవ్వకండి.

కొట్టకుండా నలభైమందిని ఎలా అదుపులో పెట్టడం?

చట్టం సంగతి ముందు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గుంజీళ్ళు, ఎండలో నిలబెట్టడం, పేరుకి వంకలు పెట్టడం, అన్నీ అందులోకే వస్తాయి. మొదటివారమే ఒక తల్లి వచ్చి "రెండు తగిలించండి మేడం, మా ఇంట్లో ఎవరి మాటా వినడు" అంటుంది. నవ్వి ఊరుకోకండి, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. "నేను కొట్టనమ్మా, కానీ వింటాడు" అని పిల్లాడి ముందే చెప్పండి. వాడు ఆ మాట గుర్తుపెట్టుకుంటాడు.

కొత్తవాళ్ళు మొదటి రోజు పది నియమాలు చార్టు మీద రాసి అంటిస్తారు. వారానికి ఆ చార్టు మూల ఊడి ఫ్యాను గాలికి కొట్టుకుంటూ ఉంటుంది, పిల్లలూ అంతే. అల్లరి ఎక్కువగా పుట్టేది ఖాళీ నిమిషాల్లో. గదిలోకి వస్తున్నప్పుడు, నోట్సులు పంచుతున్నప్పుడు, నీళ్ళకి వెళ్ళొస్తున్నప్పుడు. కాబట్టి బ్యాగు ఎక్కడ పెట్టాలి, రాగానే ఏం తీయాలి, నీళ్ళకి ఏ వరుస ఎప్పుడు లేవాలి, ఈ మూడింటిని పాఠంలాగే చెప్పించి, చేయించి, తప్పితే మళ్ళీ చేయించండి. మూడు రోజులు విసుగ్గా ఉంటుంది. నాలుగో రోజు మీరు ఆలస్యంగా వచ్చినా క్లాసు దానంతటదే కూర్చుని ఉంటుంది.

బాగా అల్లరి చేసేవాడికి తాళంచెవులు ఇవ్వండి. ఈ చిట్కా నాది కాదు, నాకు ఐదో తరగతి చెప్పిన మాస్టారిది. ఆ తాళంచెవులు నా దగ్గరే ఉండేవి.

టీసీ లేకుండా పిల్లాడు వచ్చాడు. చేర్చుకోవాలా?

చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని గానీ, పుట్టినతేదీ పత్రం లేదని గానీ చేర్చుకోకుండా ఉండటానికి చట్టంలో వీల్లేదు. వయసుకి తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. రెండేళ్ళు ఇటుకబట్టీల దగ్గర తిరిగొచ్చిన పదేళ్ళ పిల్లాణ్ణి మూడో తరగతికి పంపేద్దామని మీకు అనిపించినా సరే. పేరు రాసుకుని, పాత బడి ఏదో కనుక్కుని, కాయితాలు వాళ్ళ వెనకే తెప్పించే పని హెడ్మాస్టరు గారితో కలిసి చూడండి.

రికార్డుల్లో ఐదో తరగతికి ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది, పెద్దదే. ఏడాది చివర్లో ఈ పిల్లలకి మీరు రికార్డు షీటు ఇస్తారు. అందులో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ హైస్కూలు అడ్మిషన్ రిజిస్టరుకి ఎక్కుతాయి, అక్కణ్ణుంచి పదో తరగతి సర్టిఫికెట్‌కి. ఇక జన్మంతా అదే. లక్ష్మిలో 'ఎక్స్' పెట్టారా, 'కేఎస్‌హెచ్' పెట్టారా అన్నది ఇప్పుడు పెన్ను గీతతో పోయే పని. పదో తరగతయ్యాక ఆఫీసుల చుట్టూ తిరిగే పని. మా తరంలో సగంమంది జూన్‌లోనే పుట్టారు, హెడ్మాస్టరు గారు ఏది రాస్తే అదే తిథి కాబట్టి. ఇప్పుడలా కుదరదు.

జూన్‌లోనే అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్, జనన ధ్రువపత్రం మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్న పిల్లల జాబితా రాసుకోండి. ఐదేళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు వేయించాలని చాలా ఇళ్ళలో తెలియదు, పదేళ్ళొచ్చినా వేయించని వాళ్ళుంటారు, అదీ అడగండి. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ గుర్తింపు నంబరుకి పేర్లు కలవాలి కాబట్టి ఈ పని ఎలాగూ తప్పదు.

ఒరిజినల్స్ మీ దగ్గర ఉంచుకోకండి, ఫొటో తీసుకుని అదేరోజు తిరిగిచ్చేయండి. తల్లులకి ఒక ప్లాస్టిక్ కవరు సంగతి చెప్పండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు మా పిల్లల ఇళ్ళలో టీవీలు పోయాయి, మంచాలు పోయాయి. వారం తర్వాత ఒక తల్లి బడికొచ్చి ముందు ఏడ్చింది మాత్రం పరుపు కింద పెట్టిన జనన ధ్రువపత్రం గురించి. అటక మీద, కవర్లో, జిప్పు వేసి. పరుపు కింద కాదు.

కిట్లు రాలేదు, వచ్చినా బూట్లు పట్టడం లేదు. ఏం చేయాలి?

బూట్లు, యూనిఫాం లాంటివి కిట్టుగా ఇచ్చే పథకం పేరు ప్రభుత్వాన్నిబట్టి మారుతుంది, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. బూట్ల సైజు గొడవ మాత్రం మారదు. పిల్లలు వేసవిలో పెరుగుతారు. పిల్లల మధ్యే మార్పిడి చేయించండి, ముప్పావు వంతు గొడవ తీరిపోతుంది. మిగిలినవి రాసి పైకి పంపండి. యూనిఫాం గుడ్డగా వస్తుంది, జూన్‌లో దర్జీలకి ఊపిరాడదు. మామూలు బట్టల్లో వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గర ఆపకండి.

మధ్యాహ్న భోజనం దగ్గర నా పనేమిటి?

ముందు మీరు తినండి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది, తేడా నిజంగానే కనబడుతోంది, వదిలేసే అన్నం తగ్గింది. రాగిజావ ఉన్న రోజుల్లో పొద్దున టిఫిన్ లేకుండా వచ్చినవాళ్ళెవరో చూసుకోండి, రెండో గ్లాసుకి వచ్చేవాళ్ళు వాళ్ళే. లేని రోజుల్లో పదకొండింటికి బల్ల మీద తల వాల్చేదీ వాళ్ళే.

జూన్‌లో ఎండ తగ్గకపోతే?

2023లో తగ్గలేదు, బడులు తెరిచాక ఒంటిపూటే నడిపారు. అలాంటి ఉత్తర్వు వస్తే సరే. రాకపోతే మధ్యాహ్నం గంటగంటకీ నీళ్ళు తాగించండి, ఆటల పీరియడు పొద్దున్నే పెట్టండి. రేకుల గది అయితే మూడింటి తర్వాత రాతపని వద్దు, కథ చెప్పండి.

తల్లిదండ్రులతో మొదటిసారి ఏం మాట్లాడాలి?

వాళ్ళు మిమ్మల్ని మొదట అడిగేది తల్లికి వందనం గురించి, అదే పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేసే పథకం. డబ్బు పడలేదంటారు. మీ చేతుల్లో ఏమీ లేదు, కానీ విసుక్కోకండి. బ్యాంకు ఖాతాకి ఎన్పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు పడటానికి ఆధార్‌తో కలిపే లింకు) ఉందో లేదో చూసుకోమని, సచివాలయంలో అడగమని చెప్పండి. 75 శాతం హాజరు ఉండాలన్నది మాత్రం గట్టిగా చెప్పండి, అది మనకి పనికొచ్చే మాట.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ దాకా ఆగకండి. 2024లో డిసెంబర్‌లో, 2025లో జూలైలో పెట్టారు. ఎప్పుడు పెట్టినా ఆ రోజు హడావిడి, నలుగురి మధ్య. ఆటో నడిపే నాన్న, ఇళ్ళలో పనిచేసే అమ్మ మీటింగుకి వచ్చేది కూలి వదులుకుని. నేను సాయంత్రం ఆరు దాటాక వాళ్ళ వీధికే వెళ్తాను. కొండెక్కాలి, మోకాళ్ళు నొప్పులు, అయినా వెళ్తాను. వెళ్ళి పిల్ల చేతికి ఒక చిన్న కథ ఇచ్చి అమ్మ ముందు చదవమంటాను. చదవగలిగినదే ఇస్తాను. రానిదిచ్చి పరువు తీయడానికి అంత ఎత్తు ఎక్కక్కర్లేదు. చదివాక, "ఇంతవరకు వచ్చింది, ఇంకా ఇంత రావాలి, రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోండి" అంటాను. "నాకు చదువు రాదు మేడం" అంటుంది అమ్మ. "మీరు చదవక్కర్లేదమ్మా, వినండి చాలు. ఆగిందంటే రాలేదని అర్థం." ఈ మాట నా సర్వీసులో ఎంతమందితో అన్నానో లెక్కలేదు.

నవోదయ కోచింగ్‌కి పంపమంటారా అని అడుగుతున్నారు.

నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి. దాని ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసేది ఐదు చదువుతుండగానే, అదీ ఒక్కసారే. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం ప్రశ్నలు మేధాశక్తివి, మిగతావి లెక్కలు, భాష. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత పిల్లలకి, అది కూడా మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెలో చదివినవాళ్ళకి. విజయవాడ, గుంటూరు కార్పొరేషన్ బడుల పిల్లలు మిగిలిన కొద్ది సీట్లకే పోటీపడాలి. ఈ సంగతి కోచింగ్ సెంటరు వాళ్ళు చెప్పరు, మీరు చెప్పండి. రాయించండి, పాత పేపర్లు చేయించండి, తప్పులేదు. అప్పుచేసి కోచింగ్ కట్టొద్దని మాత్రం నేను మొహం మీదే చెబుతాను. సైనిక్ స్కూలు పరీక్షకీ అదే మాట.

యాప్‌ల పని ఎప్పుడు చేయాలి?

పిల్లలు ఎదురుగా లేనప్పుడు. హాజరు వేయక తప్పదు కాబట్టి పొద్దున వేసేయండి. మిగతావి నాలుగు తర్వాత. వరండాలో పిల్ల మీ పక్కన కూర్చుని కూడబలుక్కుని చదువుతుంటే మీరు విద్యాశాఖ వాళ్ళ లీప్ యాప్‌లో సర్వరు కోసం చూస్తున్నారనుకోండి, ఆ పిల్ల చదవడం ఆపేసిన సంగతి కూడా మీకు తెలియదు.

జూన్‌లో సెలవు పెట్టొచ్చా?

మొదటి పదిహేను రోజులు పెట్టకండి. ఇంట్లో పెళ్ళే ఉంటే, ఆ చదివించిన నోటుబుక్కు పక్క టీచరుకి ఇచ్చి వెళ్ళండి. ఎవరిది ఇంకా వినలేదో ఆ పేర్ల కింద గీత గీసి మరీ ఇవ్వండి.